‘పైనుంచి రాలేదు’ అన్న మాటకు జవాబు ఉంది, కానీ తాళం వేసి ఉంది

ఇండియాలో 2025 జనవరి 1 నుంచి ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. ఈ డబ్బుతో 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో చదువుకోవచ్చు. సుమారు 1.8 కోట్ల మందికి లాభమని ప్రభుత్వం చెప్పింది. లెక్క వేస్తే తలకు ఏడాదికి 1,100 రూపాయల చిల్లర పడుతుంది. మంచి పనే, కాదనడానికి లేదు.

హెల్మెట్ పెట్టుకుని స్లాబు కింద జాకీలు లెక్కపెట్టుకునే మనకు పరిశోధన పత్రికలతో ఏం పని అని మన వాళ్లు అనొచ్చు. 2019 దాకా మేమూ అలాగే అనుకున్నాం. అందులోనూ వాణిజ్య చట్టాల మీద రాసే పత్రికలంటే నల్లకోటు వాళ్లు చదివేవి, కంపెనీలూ కంపెనీలూ కొట్టుకునేటప్పుడు పనికొచ్చేవి అని మా లెక్క. ఆ ఏడాది మా జీతాలు ఆగాక గానీ అసలు సంగతి తెలియలేదు.

అప్పుడు మేము యూఏఈలో ఒక సబ్ కాంట్రాక్టు కంపెనీలో ఉన్నాం. షట్టరింగ్, రాడ్ బెండింగ్, కాంక్రీటు పనులు. సూపర్‌వైజర్లం ముగ్గురం, ముగ్గురం తెలుగువాళ్లమే, ముగ్గురం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లమే. మా కింద అరవై మంది దాకా పనిచేసేవాళ్లు. ఒక నెల జీతం ఆలస్యమైంది. తర్వాతి నెల సగమే ఇచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు అసలు లేదు. ఆఫీసుకు పోయి అడిగితే ఒకటే మాట: ‘పైనుంచి రాలేదు. మెయిన్ కాంట్రాక్టరు బిల్లు ఇవ్వలేదు, వాళ్లిస్తే మీకిస్తాం, అగ్రిమెంటులోనే అలా ఉంది’ అని. అగ్రిమెంటు తీసి చూపించారు కూడా. నిజంగానే ఉంది. పైవాడి నుంచి డబ్బు అందిన తర్వాతే కిందివాడికి చెల్లించాలి అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు. చదివి నోరు మూసుకుని వచ్చేశాం. అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్యాంపుకు వచ్చి మిగతా వాళ్లకు కూడా అదే మాట మేమే చెప్పాం. కంపెనీ చెప్పాల్సిన అబద్ధం మా నోటితో చెప్పించుకుంది.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి మా బ్యాచిలో ఉండేవాడు. ఆయన ఒక రాత్రి అడిగాడు: “తమ్మీ, పైన అంటే ఎవలు? నేను సంతకం బెట్టింది ఈ కంపెనీ కాయితం మీదనే గదా. ఆ పైనోళ్లెవలో నాకెరికేనా?” మా ముగ్గురి దగ్గరా జవాబు లేదు. ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్లు తమకు రావాల్సిందేమీ లేదని కాగితం మీద సంతకం పెట్టి, టికెట్ తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. ఇక రాదులే అనుకున్నారు. వాళ్లు అలా అనుకోవడానికి కారణం మేమే.

మేస్త్రి అడిగిన ప్రశ్న పట్టుకుని ఇంటర్నెట్టులో వెతకడం మొదలుపెట్టాం. సరిగ్గా మా సంగతి మీదే ఒక వ్యాసం కనబడింది. గల్ఫ్ నిర్మాణ రంగంలో ఇలాంటి చెల్లింపు షరతులు, వాటి వల్ల కిందివాళ్ల హక్కులు ఏమవుతాయి అని. పది లైన్ల సారాంశం మాత్రం కనిపించింది. దాని కింద ధర ఉంది. ఒక రోజు చదువుకోవడానికి దాదాపు 40 డాలర్లు, అంటే 147 దిర్హమ్‌లు. మేస్త్రి రోజు కూలి అప్పట్లో 40 దిర్హమ్‌ల లోపే. జీతం రాని మనిషి, అది ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాలుగు రోజుల జీతం కట్టాలన్నమాట. కట్టినా అందులో జవాబు ఉంటుందో లేదో తెలియదు.

అదే పేజీలో రాసిన ప్రొఫెసరు గారి ఈమెయిల్ ఉంది. పోయేదేముంది అని వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాం. రెండు రోజుల్లో వ్యాసం మొత్తం పంపించారు. పైసా అడగలేదు. ఆ 40 డాలర్లలో తనకు వచ్చేది ఏమీ లేదని కూడా ఒక ముక్క రాశారు.

రాసేవాడికి రాదు, చదివేవాడికి దొరకదు

ఇది మాకు వింతగా అనిపించి తర్వాత కొంత తెలుసుకున్నాం. పరిశోధన పత్రికల్లో వ్యాసాలు రాసేవాళ్లకు సాధారణంగా డబ్బు ఇవ్వరు. వాళ్ల జీతం యూనివర్సిటీ ఇస్తుంది, చాలాచోట్ల అది జనం కట్టిన పన్నే. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టే సాటి ప్రొఫెసర్లు కూడా ఎక్కువగా ఊరికే చేస్తారు. అచ్చు వేసే సంస్థ దాన్ని తీసుకెళ్లి మళ్లీ అదే యూనివర్సిటీకి చందా మీద అమ్ముతుంది. మన సైటు భాషలో చెప్పాలంటే, మెటీరియల్ క్లయింటుదే, లేబరూ క్లయింటుదే, కట్టిన ఇంట్లో ఉండటానికి అద్దె కట్టేదీ క్లయింటే.

లా విషయంలో ఇది ఇంకా బిగుసుకుని ఉంది. పెద్ద న్యాయ డేటాబేసుల్లో వెస్ట్‌లా థామ్సన్ రాయిటర్స్‌ది, లెక్సిస్‌నెక్సిస్ రెలెక్స్ అనే కంపెనీది. సైన్సు పత్రికల వ్యాపారంలో పెద్ద పేరైన ఎల్సెవియర్ కూడా ఆ రెలెక్స్‌దే. లా, ఎకనామిక్స్ ప్రొఫెసర్లు తమ రాతప్రతులను అందరూ చదువుకునేలా పెట్టుకునే ఎస్ఎస్ఆర్ఎన్ అనే చోటు ఉంది. దాన్ని కూడా 2016 మేలో ఎల్సెవియర్ కొనేసింది. అక్కడ ఇప్పటికీ చాలా వ్యాసాలు ఉచితంగానే దొరుకుతున్నాయి, అంతవరకు నయం.

అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2008 మేలో హార్వర్డ్ లా స్కూలు అధ్యాపకులు తమ వ్యాసాలను ప్రపంచమంతా ఉచితంగా చదువుకునేలా పెట్టాలని తీర్మానించుకున్నారు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని పెద్ద లా లైబ్రరీల డైరెక్టర్లు డర్హమ్ ప్రకటన విడుదల చేశారు. లా స్కూళ్లు తమ పత్రికలను కాగితం మీద వేయడం మాని, కంప్యూటరులో అందరికీ తెరిచిపెట్టాలని కోరారు. ఓపెన్ యాక్సెస్ అనేది దీన్నే. అక్కడ లా స్కూలు పత్రికలను ఎక్కువగా విద్యార్థులే నడుపుతారు కాబట్టి చాలావరకు తెరుచుకున్నాయి. మన దేశంలో కూడా కోల్‌కతా, బెంగళూరు జాతీయ లా యూనివర్సిటీల పత్రికలు ఉచితంగా చదువుకోవచ్చు.

మనకు పనికొచ్చే చోటే తలుపు మూసి ఉంది. నిర్మాణ కాంట్రాక్టులు, షిప్పింగ్, బ్యాంకింగ్, దివాలా లాంటి వాణిజ్య చట్టాల మీద ప్రత్యేకంగా వచ్చే పత్రికలు ఎక్కువగా ప్రైవేటు ప్రచురణకర్తలవి. వాటికి చందా కట్టేది పెద్ద లా ఫర్ములు, పెద్ద కాంట్రాక్టర్లు. ధర కూడా వాళ్లను చూసే పెడతారు. అంటే గొడవలో ఒక పక్కనున్న వాడి బల్ల మీద ఆ పత్రిక ఉంటుంది, రెండో పక్కవాడికి అలాంటిది ఉందని కూడా తెలియదు.

లోపల ఏముంది?

ప్రొఫెసరు పంపిన వ్యాసం, ఆ తర్వాత వెతికి పట్టుకున్న ఉచిత వ్యాసాలు కొన్ని కలిపి చదివితే మాకు అర్థమైంది చెబుతాం. ‘పైవాడు ఇస్తేనే కిందివాడికి’ అనే షరతు మీద ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. బ్రిటన్ 1996లో చేసిన నిర్మాణ చట్టం 113వ సెక్షన్‌లో అలాంటి షరతు చెల్లదని రాశారు. పైవాడు దివాలా తీసిన సందర్భానికి మాత్రం మినహాయింపు. 1998 మే నుంచి అది అమల్లో ఉంది. సింగపూర్ 2004లో చట్టం చేసి 2005 ఏప్రిల్ నుంచి ఇలాంటి షరతులకు విలువ లేకుండా చేసింది. మలేసియా 2012లో చట్టం చేసి 2014 ఏప్రిల్ 15న అమల్లోకి తెచ్చింది, దాని 35వ సెక్షన్ ఇదే. మలేసియాలో సొంతంగా చిన్న చిన్న కాంట్రాక్టులు పట్టే మన తెలుగువాళ్లు ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకుంటే పనికొస్తుంది.

ఈజిప్టు 1948లోనే ఇంకా ముందుకు పోయింది. ఆ దేశపు పౌర స్మృతి 662వ అధికరణం ప్రకారం సబ్ కాంట్రాక్టరే కాదు, పని చేసిన కూలీ కూడా కట్టించుకునే యజమాని మీద నేరుగా దావా వేయొచ్చు. యజమాని మెయిన్ కాంట్రాక్టరుకు ఇంకా ఎంత బాకీ ఉన్నాడో అంతవరకు రాబట్టుకోవచ్చు. చాలా అరబ్బు దేశాల చట్టాలకు ఈజిప్టు స్మృతే మూలం. యూఏఈ 1985లో చేసిన పౌర లావాదేవీల చట్టం మాత్రం ఈ విషయంలో ఆ దారిన పోలేదు. మెయిన్ కాంట్రాక్టరు తన హక్కును రాసిస్తే తప్ప, సబ్ కాంట్రాక్టరు యజమాని దగ్గరికి నేరుగా పోయి అడగడానికి లేదని 891వ అధికరణంలో రాశారు. మా కంపెనీ ఎందుకు చేతులు ఎత్తేసిందో ఇది చదివాక అర్థమైంది. వాళ్లూ ఇరుక్కున్న మాట నిజమే.

అయితే మాకు కావాల్సిన ముక్క వేరే పేరాలో ఉంది. ఆ షరతు రెండు కంపెనీలు తమ మధ్య రాసుకున్నది. అందులో కార్మికుడి సంతకం లేదు, కాబట్టి అది అతన్ని కట్టిపడేయదు. జీతం వచ్చేది కార్మిక చట్టం కింద. కంపెనీకి పైనుంచి వచ్చినా రాకపోయినా గడువుకు ఇచ్చి తీరాలి. అంటే మేస్త్రి అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. బడి మొహం చూడని ఆయనకు తట్టింది, అగ్రిమెంటు చదివొచ్చిన మాకు తట్టలేదు.

తర్వాత కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టాం. మొదట పదకొండు మందిమే వెళ్లాం, రెండో వారానికి నలభై దాటాం. బాకీలో చాలావరకు వచ్చింది, మిగిలింది లెక్క తేల్చేటప్పుడు ఇచ్చారు. జీతం తెచ్చింది ఫిర్యాదు, వ్యాసం కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఫిర్యాదు పెట్టడానికి కాళ్లు కదిలింది ఆ పేరా చదివాకే. ముందే సంతకం పెట్టి వెళ్లిపోయిన ఇద్దరికి ఏమీ రాలేదు.

మాది చిన్న కంపెనీ, చిన్న కథ. పెద్దది చూడాలంటే 2016 సౌదీ గుర్తు తెచ్చుకోవాలి. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్న ముడి చమురు 2016 జనవరికి 30 డాలర్ల లోపు పడిపోయింది. ప్రభుత్వం నుంచి కాంట్రాక్టర్లకు బిల్లులు ఆలస్యమయ్యాయి. సౌదీ ఓజర్ లాంటి భారీ కంపెనీలో నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి. ఆ ఏడాది జులై చివర జెడ్డా క్యాంపుల్లో మన దేశస్థులు తిండికి కూడా కటకటలాడితే కాన్సులేటు ఆహారం పంపించాల్సి వచ్చింది, విదేశాంగ శాఖ సహాయ మంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్లారు. 2017 జులై చివరికి ఆ కంపెనీ మూతపడింది. చమురు ధరకూ క్యాంపులో గిన్నె ఖాళీ కావడానికీ మధ్య ఉన్నది ఈ చెల్లింపుల గొలుసే. ఆ గొలుసులో ఏ లింకు ఎక్కడ తెగుతుంది, తెగితే ఎవరిని పట్టుకోవాలి అనేదే వాణిజ్య చట్టం చెప్పేది. ఇది మనకు సంబంధం లేని చదువు ఎలా అవుతుంది?

చట్టం దొరుకుతుంది, అర్థం దొరకదు

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చట్టాలు, తీర్పులు ఈ రోజుల్లో చాలావరకు ఉచితమే. 1992లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ మొదలుపెట్టింది, 1995లో ఆస్ట్రేలియా అందుకుంది. మనకు 2008లో సుశాంత్ సిన్హా అనే ఇంజినీరు ఇండియన్ కానూన్ పెట్టాడు. అప్పటికి ఆయన అమెరికాలో చదువుకుంటున్నాడు, లాయరు కూడా కాదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పుల సంపుటాలను ఉచితంగా తెరిచింది, కొన్ని తీర్పులు తెలుగులోకీ వస్తున్నాయి. యూఏఈ ఫెడరల్ చట్టాలు కూడా ప్రభుత్వ వెబ్‌సైటులో అరబ్బీ, ఇంగ్లీషు రెండింట్లో చదువుకోవచ్చు.

చట్టం ఒకటి, దాన్ని విడమరిచి చెప్పే రాత ఒకటి. తీర్పు ఎవరి సొత్తూ కాదు, దానికి ప్రచురణకర్త సొంతంగా రాసుకున్న సారాంశం మాత్రం వాళ్లదే అని మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తేల్చింది. అమెరికా సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రం కేసులో ఇంకాస్త ముందుకు పోయింది. చట్టసభ పేరు మీద వచ్చిన వివరణలకు కూడా కాపీరైటు ఉండదంది. అదీ 5-4 తేడాతోనే. ప్రొఫెసర్లు రాసే విశ్లేషణ ఈ రెండు తీర్పుల్లో దేని కిందికీ రాదు. మనలాంటి వాళ్లకు కావాల్సింది ఎక్కువగా అదే. 891వ అధికరణం చదవడం రెండు నిమిషాల పని, అది మన జీతానికి వర్తించదని తెలియడమే కష్టం.

విడమరిచేవాళ్లు లేకపోతే పాత మాటలే చెలామణి అవుతాయి. యూఏఈలో కార్మికుడు తన బాకీ కోసం దావా వేసే గడువు ఇదివరకు ఏడాది. 2024 ఆగస్టు 31 నుంచి అది ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్లు అయింది. 50,000 దిర్హమ్‌ల లోపు తగాదాలను 2024 జనవరి నుంచి కార్మిక శాఖే తేల్చగలుగుతోంది. అయినా క్యాంపుల్లో ఫోన్ల మీద తిరిగే తెలుగు మెసేజీల్లో ఇంకా పాత ఏడాది గడువే కనిపిస్తుంది. ఏడాది దాటిందని ఆశ వదులుకున్న వాళ్లను మేము ఈ మధ్య కూడా చూశాం.

దొంగదారి సంగతి కూడా చెప్పుకోవాలి. కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో పెట్టిన సై-హబ్‌లో తాళం వేసిన వ్యాసాలు ఉచితంగా దొరికేవి. ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబరులో కేసు వేశాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఇండియాలో ఆపేయమని ఆదేశించింది. ఆ అమ్మాయిని తిట్టడానికి మాకు నోరు రాదు. కానీ పరాయి దేశంలో వీసా మీద బతికే వాళ్లం, అటు పొమ్మని ఎవరికీ చెప్పలేం కూడా.

సక్రమమైన దారులు కొన్ని ఉన్నాయి. వ్యాసం పేరు గూగుల్ స్కాలర్‌లో కొడితే చాలాసార్లు పక్కనే రచయిత పెట్టిన ఉచిత ప్రతి కనిపిస్తుంది. లేకపోతే రచయితకే రాయాలి, మేము ఇప్పటికి ఆరుగురికి రాస్తే నలుగురు పంపారు. మన సూపర్‌వైజర్లు, ప్లానింగ్ ఇంజినీర్లు తప్పకుండా చూడాల్సింది ఇంకొకటుంది. బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2017లో రెండో కూర్పుగా తెచ్చిన డిలే అండ్ డిస్రప్షన్ ప్రోటోకాల్. పని ఆలస్యానికి ఎవరు బాధ్యులో ఎలా లెక్కకట్టాలి, సైటులో ఏ రికార్డు ఉంచుకోవాలి అన్నీ ఉంటాయి, అదీ ఉచితంగా. డైలీ రిపోర్టు ఎందుకు సరిగ్గా రాయాలో మాకు కాలేజీలో చెప్పలేదు, అది చెప్పింది.

మళ్లీ ‘ఒకే దేశం’ దగ్గరికి వద్దాం. చందా కట్టింది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు పాలిటెక్నిక్‌లో చదివే మా తమ్ముళ్లు ఇప్పటికి లోపల లేరు. చదువు అయిపోయి పనిలో పడినవాడు లేడు. దేశం దాటిన మేము ఎటూ లేము. 2024లో విదేశాల నుంచి ఇండియాకు వచ్చిన డబ్బు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా కట్టింది. ఆ డబ్బుతో ఇంటిదగ్గర కొన్న ప్రతి సబ్బు బిళ్ల మీదా పన్ను కడుతూనే ఉన్నాం. చందా లెక్కలో మాత్రం మేము ఆ ‘ఒకే దేశం’లోకి రాలేదు.

కోటి మందికీ ఫోనులో ఇవ్వమని మేము అడగడం లేదు, ప్రచురణకర్తలు దానికి ఒప్పుకోరని తెలుసు. దుబాయ్, రియాద్ లాంటి చోట్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలున్నాయి. అక్కడ ఒక్కో కంప్యూటరు పెట్టి, ఆ కేంద్రాన్ని కూడా ఈ చందా జాబితాలో ఒక సంస్థగా చేరిస్తే చాలు. శుక్రవారమో ఆదివారమో మనవాళ్లు వెళ్లి చూసుకుంటారు, అక్కడ సలహా ఇచ్చే లాయర్లకూ పనికొస్తుంది. ఇక హైదరాబాద్‌లో నల్సార్ ఉంది, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. రెండూ జనం డబ్బుతో నిలబడినవే. అక్కడి పిల్లలు నెలకొక వ్యాసం తీసుకుని, గల్ఫ్ కార్మికుడికి పనికొచ్చే ముక్క రెండు పేజీల తెలుగులో రాస్తే వాళ్ల చదువుకూ నష్టం లేదు. మూల వ్యాసానికి కాపీరైటు ఉన్నా అందులోని విషయం సొంత మాటల్లో చెప్పడానికి అడ్డేమీ లేదు.

ప్రచురణకర్తలతో ఇప్పుడున్న ఒప్పందం 2027 డిసెంబరుతో ముగుస్తుంది. కొత్తది ఆఖరి నెలలో కూర్చుని రాయరు, బేరం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మన గల్ఫ్ సంఘాల వాళ్లు ఎంపీలకు ఇచ్చే వినతిపత్రాల్లో విమాన టికెట్ ధరల కింద, శవపేటిక ఖర్చుల కింద ఈ ఒక్క లైను కూడా చేర్చమని అడుగుతున్నాం. మేము మా వంతుగా ఆ ప్రొఫెసరు గారి వ్యాసంలోని పేరాను తెలుగులో మా మాటల్లో రాసి, ఒక పేజీగా చేసి, క్యాంపులో మెస్ తలుపుకు అంటించాం. జగిత్యాల మేస్త్రి ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. ఆ కాగితం ఫోటో పంపితే, కొడుకుతో చదివించుకుని తిరిగి ఫోన్ చేశాడు. “గిది అప్పుడే జెప్తే ఆ ఇద్దరు పోరగాళ్లు పోకపోతుండిరి గద తమ్మీ” అన్నాడు.